గొడుగు ‘వేర్’ చెయ్యకూడదా?

దక్షిణ కొరియాలోని డేజన్‌లో ఒక పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను. మా విభాగంలో బిల్లులు, కొనుగోళ్ళు, మాలాంటి విదేశీయుల వీసా కాగితాలు అన్నీ చూసే ఆవిడ ఒకరున్నారు. నాకంటే బాగా పెద్దావిడ. ఇక్కడ ఆఫీసులో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే బాగుండదు. అందుకని నేను ఆవిడని ‘సొన్‌సేంగ్‌నిమ్’ అంటాను. అంటే టీచరుగారు. స్కూల్లో పాఠం చెప్పకపోయినా ఆఫీసు సిబ్బందిని గౌరవంగా అలాగే అంటారు. పీహెచ్‌డీ ఉంది కాబట్టి ఆవిడ నన్ను ‘పక్సానిమ్’ అంటారు, డాక్టరుగారు అని. ఆవిడకి ఇంగ్లిష్ చెప్పేది నేనే అయినా, టీచరుగారు మాత్రం ఆవిడే.

ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంటు పోస్టుకి దరఖాస్తు పెట్టాలంటే టోయిక్ స్కోరు కావాలి. మనవాళ్ళకి టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ తెలిసినంతగా టోయిక్ తెలియదు. టోఫెల్ పెట్టే ఈటీఎస్ వాళ్ళదే ఇదీ. జపాన్ వాళ్ళు అడిగితే తయారుచేసి 1979లో మొదట అక్కడే పెట్టారు, 1982లో కొరియాకి వచ్చింది. 200 ప్రశ్నలు, 2 గంటలు, 990 మార్కులు. సగం వినడం, సగం చదవడం. మాట్లాడనక్కర్లేదు, రాయనక్కర్లేదు. ఇక్కడ ఉద్యోగానికి ఏ దరఖాస్తు చూసినా దీనికో గడి ఉంటుంది. స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. ఆవిడ పాత స్కోరుకి గడువు ఎప్పుడో తీరిపోయింది. ‘మీరు నాకు ఇంగ్లిష్ చెప్పండి, నేను మీకు కొరియన్ చెప్తాను’ అన్నారు. మార్కెట్లో బేరమాడ్డానికి కూడా ఫోనులో అనువాదం యాప్ తెరిచే స్థితిలో ఉన్నాను. వెంటనే సరే అన్నాను.

ఆవిడ తరం వాళ్ళకి ఇంగ్లిష్ మిడిల్ స్కూల్లో, అంటే మన ఏడో తరగతి వయసులో మొదలైంది. 1997 నుంచి మూడో తరగతిలోనే మొదలుపెట్టారు గానీ అప్పటికి ఆవిడ ఆ దశ దాటిపోయారు. ఇంగ్లిష్ పట్ల ఈ దేశానికున్న భయభక్తులు చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశపరీక్షలో ఇంగ్లిష్ లిజనింగ్ నడిచే కాస్సేపూ దేశంలో విమానాలు దిగవు, ఎగరవు. పిల్లలకి శబ్దం అడ్డురాకూడదని! మన ఎంసెట్ రోజు ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసే సంగతి చెప్తే ఆవిడ అయ్యో అన్నారు. విమానాల సంగతి విని నేను నోరెళ్ళబెట్టాను.

మొదటిరోజు కెఫేలో కూర్చోగానే ఆవిడ బ్యాగులోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీశారు. దాన్ని ‘తనోజాంగ్’ అంటారు, మాటల పుస్తకం. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత, ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు కొరియన్ మాట. ఒకదానికి ఒకటి. బస్సులో కుడివైపు చేత్తో మూసి చూసుకుంటారు. ఇంకొన్ని విడికాగితాలు కూడా ఉన్నాయి. ఒక్కో కాగితం మీద ఒకే మాటని ఖాళీ కనబడకుండా, కాగితం నల్లబడేదాకా రాసి ఉంది. దాన్ని ‘క్కమ్జి’ అంటారట. మన ఇంపోజిషన్ అన్నమాట, కాకపోతే ఎవరూ శిక్ష వెయ్యకుండా తమంతట తామే రాసుకుంటారు. ఆ కాగితాల్లో ఒకదాని నిండా వేర్, వోర్, వోర్న్ అనే మూడు మాటలే ఉన్నాయి. నోటుపుస్తకంలో దాని ఎదురుగా ఒకటే మాట: ‘ఇప్తా’.

ఇప్తా అంటే బట్టలు వేసుకోవడం. తప్పేమీ లేదు. నేను కూడా తల ఊపి తర్వాతి పేజీకి వెళ్ళిపోయాను.

అసలు సంగతి వానల్లో బయటపడింది. జూన్ చివర్లో ఇక్కడ ‘చాంగ్మా’ పడుతుంది, మన ఋతుపవనాల్లాంటి ముసురు. సాయంత్రం నేను తడుస్తూ బయల్దేరబోతుంటే ఆవిడ తన గొడుగు నా చేతిలో పెట్టి, ఇంగ్లిష్‌లో, ‘పక్సానిమ్, ప్లీజ్ వేర్ అంబ్రెల్లా’ అన్నారు. గొడుగుని వేర్ చెయ్యకూడదు, హోల్డ్ అనో యూజ్ అనో అనాలి అని మర్నాడు చెప్పాను. ‘ఎందుకు? టోపీకి వేర్ అనమన్నారు కదా’ అన్నారు. అప్పుడు అర్థమైంది. కొరియన్‌లో టోపీ పెట్టుకోవడానికి ఇప్తా అనరు, ‘స్సుదా’ అంటారు. తల మీదికి వచ్చే వాటికి, మొహానికి పెట్టుకునే వాటికి అదే మాట. టోపీ, కళ్ళజోడు, మాస్కు, ఇంకా గొడుగు. టోపీకి వేర్ వస్తుందని తెలిశాక గొడుగుకి కూడా వస్తుందనుకోవడం ఆవిడ లెక్కలో న్యాయమే.

మనమూ గొడుగు వేసుకుంటాం! ‘వాన పడుతోంది, గొడుగు వేసుకుని వెళ్ళు’ అని మా అమ్మ అనని వర్షాకాలం లేదు. చొక్కాకీ అదే మాట, గొడుగుకీ అదే మాట. ఈ సంగతి చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇంగ్లిష్ వాళ్ళే ఏదో తేడాగా ఉన్నారు, మనిద్దరం సరిగ్గానే ఉన్నాం అన్నట్టు.

ఆ రోజు నుంచి మా ఇంగ్లిష్ క్లాసూ కొరియన్ క్లాసూ కలిసిపోయాయి. ఆవిడ ఒక్క వేర్ నేర్చుకోవాలి, దానికి బదులు నేను ఇక్కడి మాటలు ఒక గంపెడు నేర్చుకోవాలి. చొక్కా, ప్యాంటు, కోటు అయితే ఇప్తా. కాళ్ళకి వేసుకునేవి, చెప్పులు, బూట్లు, మేజోళ్ళు అయితే ‘సిన్తా’. ఉంగరం, చేతి తొడుగులు, కళ్ళలో పెట్టుకునే లెన్సులు, అంటే దూర్చేవీ ఇరికించేవీ ‘క్కిదా’. చేతి గడియారం ‘ఛాదా’. పసిపిల్లల డయపరుకీ, దొంగ చేతికి పడే బేడీలకీ కూడా ఛాదానే. టై, సీటుబెల్టు ‘మేదా’, అంటే కట్టుకోవడం. చెవిపోగులకి ఉత్త ‘హదా’, చెయ్యడం.

కొరియన్ నేర్చుకునే అమెరికన్ కుర్రాడు ఒకడున్నాడు మా ల్యాబులో. ఈ పట్టిక చూసి తల పట్టుకున్నాడు. నాకు మాత్రం ఇదంతా కొత్తగా అనిపించలేదు. చీర కట్టుకుంటాం, శాలువా కప్పుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, బొట్టు పెట్టుకుంటాం, ఉంగరం తొడుక్కుంటాం, పౌడరు రాసుకుంటాం. ఎవరైనా ‘చీర పెట్టుకున్నాను’ అంటే వెంటనే చెవికి గుచ్చుకుంటుంది. ఆ వస్తువు ఒంటికి ఎలా అంటుకుంటుందో, చుట్టుకుంటుందో, దూరుతుందో, దాన్నిబట్టి క్రియ మారుతుంది. కొరియన్ కూడా సరిగ్గా అలాగే ఆలోచిస్తుంది. కాళ్ళకి విడిగా ఒక మాట కేటాయించడం ఒక్కటే మనకి లేదు. మిగతావి నాకు ఒక్క వారాంతంలో వచ్చేశాయి. మేదా అనగానే కట్టుకోవడం, క్కిదా అనగానే తొడుక్కోవడం. హాన్‌బోక్ అనే వాళ్ళ సంప్రదాయ దుస్తులకి ఇప్తా అనే అంటారు గానీ, రవికె ముందు ముడి వేసే రిబ్బనుకి మళ్ళీ మేదా. ‘మా చీర మొత్తం మేదానే’ అన్నాను. ‘మొత్తమా?’ అన్నారు, నమ్మలేనట్టు. ఫోనులో చీర కట్టుకునే వీడియో చూపిస్తే కానీ ఒప్పుకోలేదు.

నాకు సులువైంది ఆవిడకి కష్టమవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఇంగ్లిష్ ఈ తేడాలేవీ పట్టించుకోదు. ఎలా అంటుకుంది, ఎక్కడ అంటుకుంది దానికి అనవసరం. నీ ఒంటి మీద ఉందా లేదా, అంతే. ఉంటే వేర్. అందుకే సెంటుకీ వేర్, లిప్‌స్టిక్‌కీ వేర్, గడ్డానికి కూడా వేర్. సెంటు మనం కొట్టుకుంటాం, వాళ్ళు చల్లుకుంటారు. గడ్డం మనమూ వాళ్ళూ ఇద్దరం పెంచుతాం. ఇంగ్లిష్ వాడు మాత్రం గడ్డాన్ని కూడా చొక్కాలాగే వేసుకుంటాడు. గొడుగు చేతిలో ఉంటుంది, ఒంటి మీద ఉండదు, కాబట్టి దానికి వేర్ రాదు. ఈ సూత్రం చెప్పాక ఆవిడ కాస్సేపు ఆలోచించి, ‘మరి చేతిసంచి? భుజానికి తగిలించుకుంటే?’ అన్నారు. మంచి ప్రశ్నే. భుజానికున్నా దాన్ని సాధారణంగా క్యారీ అనే అంటారని చెప్పాను. కొన్నింటికి సూత్రం ఉండదు, వినీ వినీ అలవాటవ్వాలి.

సూత్రం చెప్పడం తేలికే. కానీ ఆవిడ మనసులో వేర్ ఇంకా ఇప్తాకే అతుక్కుని ఉంది. ఉంగరం బొమ్మ చూపిస్తే ముందు క్కిదా గుర్తొస్తుంది, క్కిదాకి ఇంగ్లిష్ ఏమిటా అని వెతుక్కుంటారు, పుట్ అనో ఇన్సర్ట్ అనో వస్తుంది. వేర్ రాదు, ఎందుకంటే నోటుపుస్తకంలో అది ఇప్తా ఎదురుగా రాసి ఉంది. కాగితం నల్లబడేదాకా రాసినా ఆ గీత దాటి మాట ఇవతలికి రావడం లేదు.

దారి ఒక బోర్డు చూపించింది. మా సంస్థ పక్కన కొత్త భవనం కడుతున్నారు. దాని చుట్టూ పెట్టిన రేకుల మీద పెద్ద అక్షరాలతో ‘ఛాగ్యోంగ్’ అన్న మాట ఉంది. హెల్మెట్ ఛాగ్యోంగ్, బెల్టు ఛాగ్యోంగ్. కొరియన్ అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకప్పుడు కొత్త సరదా. దాని అర్థమేమిటని అడిగాను. చైనా లిపి నుంచి వచ్చిన మాటట, ‘ఒంటి మీద ఉంచుకోవడం’, హెల్మెట్‌కైనా మాస్కుకైనా బూట్లకైనా గడియారానికైనా అదే. కరోనా రోజుల్లో మాస్కు ఛాగ్యోంగ్ అని ప్రతి బస్సులోనూ అంటించి ఉండేదట. బస్సుల్లో, రైళ్ళలో ఆ నిబంధన 2023 మార్చి దాకా నడిచింది. ‘ఇంట్లో ఎవరైనా ఆ మాట వాడతారా?’ అని అడిగాను. ఆవిడ నవ్వారు. ‘మా అబ్బాయితో చొక్కా ఛాగ్యోంగ్ చెయ్యి అంటే నాకేదో అయిందనుకుంటాడు’ అన్నారు.

నాకు వెంటనే మన ‘ధరించు’ గుర్తొచ్చింది. హెల్మెట్ ధరించండి, మాస్కు ధరించండి. పెళ్ళికూతురు పట్టుచీర ధరించింది అని పేపర్లో రాస్తారు. ఇంట్లో ‘ఇవాళ ఏ చీర ధరిస్తున్నావే?’ అని ఎవరైనా అడిగితే నాటకం డైలాగే. వాళ్ళకి చైనా మాట ఎలాగో మనకి సంస్కృతం మాట అలాగ. ఇంటి మాటలు వస్తువుని బట్టి విడిపోతాయి, బోర్డు మీది మాట అన్నింటినీ ఒక్క తాటి మీదికి తెస్తుంది. వేర్‌కి సరిపోయే వెడల్పు ఆవిడ భాషలోనే ఉంది. నోటుపుస్తకంలో ఇప్తా కొట్టేసి ఛాగ్యోంగ్ రాయమన్నాను. దాంతోపాటు ఒక షరతు: అర్థం ఛాగ్యోంగ్‌ది, కానీ ఇంగ్లిష్‌లో ఇది బోర్డు మాట కాదు, వంటింట్లో కూడా వాడే మాట. ఆవిడ దాన్ని ఎర్ర సిరాతో పక్కన రాసుకున్నారు.

ఆ తర్వాత కూడా ఒకటి రెండుసార్లు గొడుగు దొర్లింది గానీ ఉంగరం, గడియారం, కళ్ళజోడు మళ్ళీ తప్పలేదు.

ఇక టోయిక్ గొడవ. లిజనింగ్ మొదటి భాగంలో ఆరు ఫోటోలుంటాయి. ఒక్కో ఫోటోకి నాలుగు వాక్యాలు చదువుతారు, ఏది సరైందో గుర్తించాలి. వాక్యాలు ప్రశ్నపత్రంలో ఉండవు, వినడమే. ఇక్కడ టోయిక్ కోచింగ్‌కి వెళ్ళినవాళ్ళందరికీ తెలిసిన ఒక ఉచ్చు ఉంది. మనిషి టోపీతో నిలబడి ఉంటాడు. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ హ్యాట్’ అంటే సరి. ‘హీ ఈజ్ పుటింగ్ ఆన్ ఎ హ్యాట్’ అంటే తప్పు. మొదటిది పెట్టుకుని ఉండడం, రెండోది ఇప్పుడే పెట్టుకుంటూ ఉండడం. ఆన్‌లైన్ పాఠాల్లో మాస్టార్లు దీన్ని ‘సాంగ్‌తే’, ‘తోంగ్‌జాక్’ అని అరిచి మరీ చెప్తారు. స్థితి, చర్య అని. ఆవిడకి ఆ రెండు మాటలూ కంఠతా. అయినా స్పీకర్లో వాక్యం వినబడగానే తప్పేవారు. కొరియన్‌లో రెండింటికీ ఒకే రూపం వస్తుంది మరి. ‘ఇప్కో ఇత్తా’ అంటే వేసుకుని ఉన్నాడు అనీ అవుతుంది, వేసుకుంటున్నాడు అనీ అవుతుంది.

తెలుగులో ఈ చిక్కు లేదు. వేసుకున్నాడు వేరు, వేసుకుంటున్నాడు వేరు. కానీ మనకి ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ కనబడితే ‘తున్నాడు’ పెట్టమని స్కూల్లో మనకి నూరిపోశారు. ఆ లెక్కన హీ ఈజ్ వేరింగ్ అంటే వేసుకుంటున్నాడు అయిపోతుంది. అర్థం వేసుకున్నాడు అనే కదా. టోయిక్ రాస్తే మన పిల్లలు కూడా ఆ ఫోటో దగ్గర పడిపోతారనే నా నమ్మకం.

దీనికి వ్యాకరణం ఎంత చెప్పినా లాభం లేకపోయింది. చివరికి ఆచరణలోకి దిగాం. కెఫేలో ఎదురుగా కూర్చుని నేను కోటు చేతిలోకి తీసుకుని ఒక చెయ్యి దూర్చి ఆపేస్తాను, ఆవిడ వాక్యం చెప్పాలి. రెండో చెయ్యి కూడా దూర్చి, బొత్తాలు పెట్టుకుని కూర్చుంటాను, మళ్ళీ చెప్పాలి. పక్క బల్ల దగ్గర చదువుకుంటున్న కుర్రాళ్ళు మమ్మల్ని ఎలా చూశారో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ కెఫేల్లో ఒక కాఫీ కొనుక్కుని పూటంతా చదువుకునే తెగ ఒకటుంది. గడ్డకట్టే చలిలోనూ ఐసు ముక్కలేసిన అమెరికానోనే తాగుతారు. మేమూ అదే తాగుతూ కోటు వేసుకుంటూ విప్పుతూ కూర్చున్నాం.

విప్పడం అంటే ఇంకో కథ. ఇంగ్లిష్‌లో అన్నింటికీ టేకాఫ్ సరిపోతుంది. కొరియన్‌లో బట్టలు, బూట్లు, టోపీ అయితే ‘పొత్తా’, ఉంగరం అయితే ‘ప్పేదా’, అంటే లాగెయ్యడం, గడియారం, టై అయితే ‘పుల్దా’, అంటే ముడి విప్పడం. మనకీ అంతే, టై విప్పుతాం, ఉంగరం తీస్తాం. డేజన్‌లో యూసాంగ్ వేడినీటి బుగ్గలు ప్రసిద్ధి. రోడ్డు పక్కనే, ఆరుబయట, కాళ్ళు పెట్టుకుని కూర్చునే వేడినీటి తొట్టెలున్నాయి. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఆదివారం అక్కడికి వెళ్ళి బూట్లు, మేజోళ్ళు తీసేస్తూ టేకాఫ్ వల్లించాం. దారిలో సొంగ్‌సిమ్‌దాంగ్ బేకరీలో వేయించిన సొబొరో రొట్టె కూడా కొన్నాం. 1956 నుంచి ఉన్న బేకరీ అది. డేజన్ వచ్చి అది తినకుండా వెళ్ళేవాళ్ళు ఉండరు.

ఉచ్చారణ దగ్గర మా ఇద్దరి పరువూ పోయింది. కొరియన్‌లో ‘వ’ శబ్దం పెదవులు గుండ్రం చేసి పలికేది ఒక్కటే ఉంది. కింది పెదవిని పళ్ళకి తాకించి పలికే ‘వ’ లేదు, దాన్ని ‘బ’గా పలుకుతారు. ‘ఫ’ని ‘ప’గా పలికినట్టే. అందుకే ఇక్కడ కాఫీ ‘ఖోపి’ అయింది. టోయిక్ ఫోటోల్లో ఎప్పుడూ కనబడేది పనివాళ్ళు వేసుకునే సేఫ్టీ వెస్ట్. అది ఆవిడ నోట్లో ‘బెస్ట్’. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ బెస్ట్’. సరిదిద్దుదామని నేను ‘వెస్ట్’ అన్నాను. ఆవిడ అనుమానంగా ‘పడమరా?’ అని అడిగారు. నిజమే మరి. తెలుగువాడికి చొక్కా మీది వెస్టూ, దిక్కు వెస్టూ ఒకటే. మనకున్నది ఒకే ‘వ’, రెండింటికీ మధ్యలో ఎక్కడో పలుకుతుంది. ఇక ఇద్దరం ఫోను అద్దంలా ముందు పెట్టుకుని పెదవి పళ్ళకి తగిలించి ఒకటి, గుండ్రం చేసి ఒకటి పలకడం మొదలుపెట్టాం. ఆవిడ నాకంటే ముందే పట్టేశారు. ఎల్, ఆర్‌ల తేడా మాత్రం ఆవిడకి ఇప్పటికీ కష్టమే, ఎందుకంటే కొరియన్‌లో రెండింటికీ ఒకటే అక్షరం. కళ్ళకి పెట్టుకునే గ్లాసెస్ ఆవిడ నోట్లో గడ్డి అయిపోతుంది.

వినేటప్పుడు ఒక మేలు జరిగింది. పరీక్షలో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా గొంతులు వినిపిస్తారు. బ్రిటిష్ వాళ్ళు వేర్ చివర ‘ర’ మింగేస్తారు. కొరియన్ రాతలోనూ వేర్‌కి చివర ‘ర’ ఉండదు, ‘వెఒ’ అని రాస్తారు. స్పోర్ట్స్‌వేర్, అండర్‌వేర్ అని షాపుల బోర్డుల మీద చూసీ చూసీ ఉన్నారు కాబట్టి బ్రిటిష్ గొంతు ఆవిడకి తేలిగ్గా అందేది. ‘ర’ని గట్టిగా పలికే అమెరికన్ దగ్గర తడబడేవారు. బెల్టు విషయంలో మాత్రం మేమిద్దరం ఒకే ఊరివాళ్ళం. మాట చివర అచ్చు తగిలించకపోతే ఇద్దరికీ తోచదు.

ఇంకో ఇబ్బంది నేను ఊహించనిది. వేర్ వచ్చాక, దాని తర్వాత పెట్టాల్సిన బట్టల పేర్లు. ఆవిడకి ఆ ఇంగ్లిష్ పేర్లన్నీ తెలుసు, కొరియన్‌లో రోజూ వాడేవే. ‘షీ ఈజ్ వేరింగ్ ఎ వన్‌పీస్.’ గౌను వేసుకుందని ఆవిడ ఉద్దేశం. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ మ్యాన్ టు మ్యాన్.’ ఇది విని నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తల మీంచి తొడుక్కునే మందపాటి స్వెట్‌షర్ట్‌ని ఇక్కడ అలా అంటారు. దూది నింపిన చలికోటు ‘ప్యాడింగ్’, ఆఫీసు చొక్కా ‘వై షర్ట్’, ట్రాక్‌సూట్ ‘ఛురినింగ్’, అంటే ట్రెయినింగ్. పొడవాటి వానకోటు ‘బాబరి’, బర్బరీ అనే బ్రాండ్ పేరు మీంచి వచ్చింది. ఇలాంటి మాటల్ని కాంగ్లిష్ అంటారు. 2021లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కొరియన్ మాటలు కొన్నింటిని కొత్తగా చేర్చుకున్నప్పుడు ఆ కాంగ్లిష్ అన్న పేరు కూడా అందులో చేరింది.

ఎవరికైనా కొత్త మాట నేర్పడం తేలిక. మనసులో స్థలం ఖాళీగా ఉంటుంది. ముందే వేరే అర్థంతో కూర్చున్న మాటని లేపి పక్కకి జరపడం కష్టం. ‘ఇది ఇంగ్లిష్ కాదండీ’ అంటే ఆవిడ బాధపడేవారు, ‘ఇది ఇంగ్లిష్ అక్షరాలతోనే ఉంది కదా’ అని. అలాంటప్పుడు నేను మన నైటీ సంగతి చెప్పేదాన్ని. మా ఊళ్ళో నైటీ వేసుకుని, పైన తువ్వాలు కప్పుకుని పొద్దున పదింటికి కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటారు, దానికీ రాత్రికీ ఏ సంబంధమూ లేదు అని. అది విన్నాక మ్యాన్ టు మ్యాన్‌ని వదులుకోవడానికి ఒప్పుకున్నారు.

పిల్లాడికి చొక్కా వెయ్యడం దగ్గర ఇంకొంచెం నలిగాం. కొరియన్‌లో ఇప్తా అంటే తను వేసుకోవడం, ‘ఇపిదా’ అంటే ఇంకొకరికి వెయ్యడం. మధ్యలో చిన్న ముక్క చేరుతుంది. మనకి కట్టుకోవడం, కట్టడం ఉన్నట్టే, కాకపోతే మనం తనకి చేసుకునేటప్పుడు ‘కొను’ చేరుస్తాం, వాళ్ళు ఇంకొకరికి చేసేటప్పుడు చేరుస్తారు. వేర్‌లో ఆ వీలు లేదు. పుట్ ఆన్ పట్టుకుని చుట్టూ తిరిగి రావాలి. ఇది పరీక్షలో అంతగా రాదని ఆవిడ త్వరగానే వదిలేశారు.

వదలనిది మాత్రం వేర్ అవుట్. చదివే భాగంలో ఒక ఉత్తరంలో వచ్చింది, బూట్ల అడుగు అరిగిపోయిందని కంపెనీకి ఫిర్యాదు. ‘వేసుకోవడానికీ అరిగిపోవడానికీ ఏం సంబంధం?’ అని నిలదీశారు. రోజూ ఒంటి మీద ఉండే బట్టే కదా అరిగేది, వేసుకుని వేసుకుని అరగడం నుంచే ఆ అర్థం పుట్టింది అన్నాను. బట్ట నుంచి మెట్లకి, మెట్ల నుంచి మనిషికి పాకింది. ఐయామ్ వోర్న్ అవుట్ అంటే అలసిపోయాను అని. ఇది ఆవిడకి తెగ నచ్చింది. నెలాఖరు బిల్లులప్పుడు నా గది తలుపు తీసి, లోపలికి కూడా రాకుండా, ‘పక్సానిమ్, వోర్న్ అవుట్’ అని ప్రకటించి వెళ్ళిపోయేవారు. కొరియన్ డబ్బు పేరు వోన్. ఆవిడ పలికితే జీతం మొత్తం అయిపోయిందన్నట్టు వినిపించేది. రెండూ నిజమే అనేవారు.

పరీక్ష ఆదివారం, ఊళ్ళోని ఒక స్కూల్లో. ముందురోజు రాత్రి ఆవిడ కంటే నాకే ఎక్కువ టెన్షన్. బయటికొచ్చాక ఫోను చేసి, ఫోటోల్లో ఒకటి గొడుగుదేనని చెప్పారు. వాన లేదు, దుకాణం ముందు నీడ కోసం పెట్టిన పెద్ద గొడుగులు. అసలు మనిషే లేడట. ‘వేర్ చెయ్యడానికి ఎవరూ లేరు’ అని పడీపడీ నవ్వారు.

స్కోరు కావాల్సిన గీత దాటింది, ఎక్కువేం కాదు. దరఖాస్తు పెట్టారు, ఫలితం ఇంకా రాలేదు. చదువు ఆపెయ్యలేదు. ఇప్పుడు నోటుపుస్తకంలో నిలువుగీతలు మానేశారు. ఒక్కో మాటకి ఒక పేజీ, దాని చుట్టూ ఆ మాటతో వచ్చే వస్తువులు. ఎక్కడైనా సినిమాలోనో ప్యాకెట్ మీదో కొత్త జత కనబడితే ఆ పేజీలో చేరుస్తారు. వేర్ పేజీలో గడ్డం, సెంటు, సీటుబెల్టు, చిరునవ్వు కూడా చేరాయి.

ప్రస్తుతం ‘ప్లే’ పేజీ నడుస్తోంది. కొరియన్‌లో ‘నోల్దా’ అంటే పిల్లలు ఆడుకోవడమూ అవుతుంది, పెద్దవాళ్ళు స్నేహితులతో కలిసి కాఫీ తాగి కబుర్లు చెప్పుకోవడమూ అవుతుంది. అందుకే సోమవారం వచ్చి, ‘నిన్న మా కాలేజీ స్నేహితురాళ్ళతో ప్లే చేశాను’ అంటారు. ఈసారి తెలుగు నాకు సాయం రావడం లేదు. నలభై దాటిన ఆడవాళ్ళు ఆడుకున్నారంటే మన దగ్గర కూడా నవ్వుతారు. కాలక్షేపం అని చెప్పి చూశాను, సరిపోలేదు. బాతాఖానీ కొంచెం దగ్గరగా వచ్చింది, ఆ మాట పలకడం నేర్చుకుంటానని ఆవిడ దాన్ని కొరియన్ అక్షరాల్లో పేజీ మూల రాసుకున్నారు.